ఎంగడీన్ లోయ: పైభాగమా, కిందిభాగమా?

స్విట్జర్లాండ్‌లో ఇన్ నది పారే ఎంగడీన్ లోయకు వెళ్లేవాళ్లలో చాలామంది పైభాగం చూసి వెనక్కి వచ్చేస్తారు. అక్కడ సెయింట్ మోరిట్జ్ ఉంది. 1928లో, 1948లో శీతాకాల ఒలింపిక్స్ జరిగిన ఊరు. సరస్సులు, ఖరీదైన హోటళ్లు, స్కీయింగ్... పక్కనే సిల్స్ మరియాలో తత్వవేత్త నీషే వేసవులు గడిపిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

నా ఓటు మాత్రం కిందిభాగానికే. గువార్దా ఊళ్లో గోడల ముందు కాసేపు ఆగండి. తడి ఆరకముందే పై సున్నపు పూతను గీకి, కింది ముదురు రంగు పొర బయటపడేలా వేసిన పూలు, సూర్యచక్రాలు, చేపలు కనిపిస్తాయి. ష్కువోల్ ఊళ్లో అయితే వీధి కుళాయికి రెండు ధారలు: ఒకటి మామూలు నీళ్లు, రెండోది భూమిలోంచి వచ్చే ఖనిజ జలం. నోట్లో ఇనుము రుచి తగులుతుంది, అది పడేచోట రాయి ఎర్రబారి ఉంటుంది. డబ్బులేమీ కట్టక్కర్లేదు, సీసా పట్టుకెళ్లండి.

మార్చి 1న పిల్లలు మెడలో గంటలు వేసుకుని చలిని తరిమే చలందామార్జ్ పండుగ రెండు చోట్లా ఉంది. ఇక్కడి స్థానిక భాష రోమాన్ష్ మాత్రం కిందనే ఎక్కువ వినిపిస్తుంది. గువార్దా స్టేషన్ లోయలో ఉంటుంది, ఊరు పైన. బస్సు టైమ్ ముందే చూసుకోండి.