ముసాయిదా ఖరారయ్యాక అడిగిన అభిప్రాయం: ఒక సేకరణ సేవపై సమీక్ష

పాతబడిన నివాస ప్రాంతాన్ని పడగొట్టి మళ్ళీ కట్టాలని తలపెట్టినప్పుడు అక్కడివారి అభిప్రాయాలు సేకరించే పనిని స్థానిక పాలక సంస్థలు ఇటీవల ఎక్కువగా సలహా సంస్థలకు అప్పగిస్తున్నాయి. అలాంటి ఒక సంస్థ అందించిన సేవను, అది వర్తించిన ప్రాంత నివాసిగా, మొదటి ప్రకటన నుంచి తుది నివేదిక వరకు దగ్గరగా చూసి రాస్తున్న సమీక్ష ఇది. మ్యాప్‌తో కూడిన వెబ్‌సైటు, ఇంటింటికీ పంచిన ప్రశ్నావళి, నమూనా చుట్టూ కూర్చోబెట్టి జరిపిన వర్క్‌షాపు, నివేదిక ఈ సేవలో భాగాలు. జనం చెప్పింది వినడంలో దీనికి మంచి మార్కులే వేస్తాను. విన్నదాన్ని ప్రణాళిక గీసేవారి బల్ల దాకా చేర్చడంలో మాత్రం వేయలేను.

వెబ్‌సైటు నిజంగా బాగుంది. మ్యాప్‌పై ఎక్కడైనా వేలు పెడితే ఒక పిన్ పడుతుంది. అది ఉంచదగిన చోటా, సమస్య ఉన్న చోటా, కొత్త ఆలోచనా అన్నది ఎంచుకుని రెండు మూడు వాక్యాలు రాయవచ్చు. వాన పడితే మోకాలి లోతు నీరు నిలిచే సందు మలుపును, వృద్ధులు సాయంత్రం చేరే అరుగును, చక్రాల కుర్చీ ఎక్కలేని మెట్టును జనం ఇంత కచ్చితంగా చూపించగలిగారంటే ఆ ఘనత మ్యాప్‌దే. సభలో మైకు అందుకుని ఇలాంటివి చెప్పేవారు అరుదు, చెప్పినా ఏ సందు గురించో వినేవారికి తెలియదు. పిన్ కింద ఇతరులు సమాధానాలు రాసే వీలు లేకుండా సమ్మతిని మాత్రమే తెలిపేలా పెట్టడం కూడా తెలివైన నిర్ణయం, ఎందుకంటే దానివల్ల వాదులాటకు తావు లేకుండా పోయింది. చిన్న తెరల ఫోన్లలో పిన్ పక్క ఇంటి కప్పు మీదకు జారిపోవడం, చేసిన తప్పు దిద్దుకునే దారి లేకపోవడం చిన్న లోపాలు.

ప్రశ్నావళి దగ్గరకు వచ్చేసరికి అసలు చిక్కు మొదలైంది. మూడు నమూనాలు ముద్రించి వాటిలో ఏది నచ్చిందో చెప్పమన్నారు. మూడింటిలోనూ అంతస్తుల సంఖ్య ఒక్కటే, పడగొట్టే ఇళ్ళ జాబితా ఒక్కటే. తేడా ఉన్నది ముఖభాగం రంగులోనూ, తోట ఆకారంలోనూ, బెంచీల అమరికలోనూ మాత్రమే. ఉన్న ఇళ్ళకు మరమ్మతు చేయడం, దశలవారీగా కట్టడం వంటి మార్గాలను పరిశీలించారా, పరిశీలించి ఉంటే ఎందుకు వదిలేశారు అన్న ప్రస్తావన ఎక్కడా లేదు. అద్దెకుంటున్నవారు నిర్మాణ కాలంలో ఎక్కడ ఉండాలి, పూర్తయ్యాక అదే అద్దెకు తిరిగి రాగలరా అన్న ప్రశ్నలకు కూడా చోటు లేదు. నిజానికి ఆ ప్రాంతంలో ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా వినిపించింది ఈ రెండు ప్రశ్నలే.

ఇది రుచికి సంబంధించిన ఫిర్యాదు కాదు. బ్రిటన్‌లో 1985 నాటి గన్నింగ్ కేసు నుంచి అభిప్రాయ సేకరణకు నాలుగు నియమాలు స్థిరపడ్డాయి: ప్రతిపాదన ఇంకా రూపుదిద్దుకుంటున్న దశలోనే అడగాలి, ఆలోచించి జవాబు చెప్పడానికి సరిపడా కారణాలు చూపాలి, తగిన గడువు ఇవ్వాలి, వచ్చిన అభిప్రాయాలను మనస్ఫూర్తిగా పరిశీలించాలి. పన్ను రాయితీ పథకంపై లండన్‌లోని హారింగే బరో అనే స్థానిక పాలక సంస్థ జరిపిన సంప్రదింపు చట్టవిరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పడానికి ఒక ముఖ్య కారణం, ప్రత్యామ్నాయాల మాట ఎత్తకుండా ప్రజలను అడగడమే. ఈ సేవ మూడో నియమాన్ని చక్కగా పాటించింది; గడువును ఒకసారి పొడిగించింది కూడా. మొదటి రెండింటి విషయంలో తడబడింది.

వర్క్‌షాపులో కనిపించిన ఒక సంగతి ఈ సేవ పనితీరును బాగా పట్టిస్తుంది. బల్ల మీద థర్మోకోల్ భవనాలు పేర్చి ఉంచారు. ఒక పెద్దాయన పడమటి వైపున్న ఎత్తైన భవనాన్ని చేత్తో ఎత్తి ఉత్తరపు అంచుకు జరిపి, ఇలా పెడితే సాయంత్రం ఎండ పిల్లల ఆటస్థలానికి అందుతుందని సెల్‌ఫోన్ లైటు వేసి మరీ చూపించారు. చుట్టూ ఉన్నవారు ఒప్పుకున్నారు. నిర్వాహకురాలు ఎంతో మర్యాదగా విని పసుపు చీటీపై "నీడ పడుతుందని అభ్యంతరం" అని రాసుకుని, భవనాన్ని తిరిగి యథాస్థానంలో పెట్టారు. ఏ భవనం, ఎక్కడికి, ఎందుకు అన్నదేదీ చీటీకి ఎక్కలేదు. నివేదికలో ఆ పరిష్కారం "సహజ కాంతి" అనే శీర్షిక కింద ఒక అంకెగా మిగిలింది. అదే బల్ల దగ్గర ఒక ఫొటో తీసి ఉంటే సరిపోయేది.

నివేదిక చూడముచ్చటగా ఉంది. పాల్గొన్నవారి వయసుల వివరాలు రంగురంగుల చక్రాల్లో ఉన్నాయి కానీ వారిలో సొంత ఇంటివారెందరు, అద్దెవారెందరు, దుకాణదారులెందరు అన్నది లేదు; పునరాభివృద్ధిలో లాభనష్టాలు విడిపోయేది ఆ గీత దగ్గరే. అమెరికాకు చెందిన ప్రజా విధాన నిపుణురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో పౌర భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపినప్పుడు సంప్రదింపును కింది నుంచి నాలుగో మెట్టుపై పెట్టి, మాట వినిపించినా అది అమలవుతుందన్న హామీ అక్కడ ఉండదని చెప్పారు. ఈ సేవ ఆ మెట్టు మీదే, కాస్త శుభ్రంగా, నిలబడి ఉంది.

ఇలాంటి సేవను కుదుర్చుకోబోయే సంఘాలు, పాలక సంస్థలు ఒప్పందంలో ఒక అంశం చూసుకోవాలి. ప్రతి ముఖ్య సూచన ఎదురుగా ప్రణాళికలో ఏం మారిందో, మారకపోతే కారణమేమిటో రాసే జవాబుల పట్టిక ఈ సంస్థ దగ్గర ఉంది. మాదిరి ప్రతి అడిగితే చూపించారు, బాగా చేశారు కూడా. అయితే అది మూల ఒప్పందంలో భాగం కాదు, అదనపు సేవ కింద వస్తుంది. ఈ ప్రణాళికకు దాన్ని ఎవరూ అడగలేదు.