‘పేగు గోడ చిల్లులు మూసే’ పొడి కొనబోయే వారికి హెచ్చరిక

మూడు నెలలకు సరిపడా మూడు డబ్బాల పొడిని 4,200 రూపాయలు పోసి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. అన్నం తిన్న గంటకే కడుపు ఉబ్బిపోయే మనిషికి ‘పేగు గోడలోని చిల్లులు మూసుకుంటాయి’ అన్న ప్రకటన ఎంత ఆశ పుట్టిస్తుందో ఆ బాధ పడినవారికి తెలుసు. కొనకముందు చదవవలసినది కొన్న తరువాత చదివాను కనుక, మిగిలినవారైనా ముందే చదువుతారని ఇది రాస్తున్నాను.

చిన్న పేగు లోపలి పొరలో ‘ఎం కణాలు’ అనేవి ఉంటాయనీ, వాటి గుండా మలినాలు రక్తంలోకి కారిపోతుంటాయనీ, ఈ పొడి ఆ కణాలకు ‘సీలు’ వేస్తుందనీ ప్రకటనలోని రంగుల బొమ్మ చెబుతుంది. ఎం కణాలు ఉన్న మాట నిజం. నేను మోసపోయింది ఆ ఒక్క నిజం దగ్గరే.

చిన్న పేగు చివరి భాగంలో రోగనిరోధక కణాలు గుంపులుగా చేరి ఉంటాయి. 1677లో వాటిని వర్ణించిన వైద్యుని పేరిట వాటిని పేయర్ ప్యాచెస్ అంటారు. వాటిని కప్పి ఉంచే పొరలో అక్కడక్కడ కనిపించేవే ఎం కణాలు. పక్కనే ఉండి పోషకాలను పీల్చుకునే కణాలకు బ్రష్షు కుచ్చులా దట్టంగా ఉండే సూక్ష్మ చూషకాలు వీటికి కురచగా, అరకొరగా ఉంటాయి. పైనుండే జిగురు పొర కూడా పలుచనే. అందువల్ల పేగులోని బాక్టీరియాలు, వైరస్‌లు, సన్నని రేణువులు వీటిని సులువుగా చేరుకోగలవు. అలా చేరినవాటిని ఎం కణం చిన్న తిత్తుల్లోకి తీసుకొని, పెద్దగా జీర్ణం చేయకుండానే అవతలి వైపు దాటిస్తుంది. అక్కడ కణం అడుగున జేబులాంటి గుంట ఉంటుంది, అందులోనూ దాని కిందా లింఫోసైట్లు, డెండ్రైటిక్ కణాలు అనే రోగనిరోధక కణాలు కాచుకొని ఉంటాయి. వచ్చిన సరుకును అవి పరిశీలించిన మీదటే పేగును కాపాడే ఐజీఏ అనే ప్రతిరక్షకాల (యాంటీబాడీల) తయారీ మొదలవుతుంది. సాల్మొనెల్లా, షిజెల్లా వంటి క్రిములు ఇదే దారిలో దొంగతనంగా చొరబడతాయి, కాదనను. కానీ దొంగలు వస్తున్నారని చెక్‌పోస్టునే ఎత్తివేస్తామా?

పైగా ‘పేగు కారడం’ అని ప్రచారం చేసేది కణానికీ కణానికీ మధ్యనున్న అతుకుల సంగతి, ఎం కణాలు దాటించేది తమ లోపలి నుంచి. ఈ రెండింటినీ కలిపి ఒకే బొమ్మ వేశారు. పేగు లోపలి పొరలోని కణాల్లో అధిక భాగం కొద్ది రోజులకే రాలిపోయి కొత్తవి పుడుతుంటే, మూడు నెలల కోర్సుతో వేసే సీలు ఏ కణానికి వేస్తారో నాకు అర్థం కాలేదు.

డబ్బా వెనుక పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. ఈ డబ్బాపై మొట్టమొదట ఉన్నది ఇనులిన్. అది చిన్న పేగులో అరగని పీచు. పెద్ద పేగులోని బాక్టీరియాలు దాన్ని పులియబెట్టి వాయువు పుట్టిస్తాయి. రెండో వారానికి నా ఉబ్బరం రెట్టింపైంది. చీమ తలకాయంత అక్షరాలతో ‘ఔషధంగా వాడరాదు’ అని కూడా ముద్రించి ఉంది, ప్రకటనలో మాత్రం ఆ మాట లేదు.

ఒక డబ్బా మూత తెరిచాను కనుక మిగిలిన రెండింటినీ వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు జవాబిచ్చారు. బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బా ఫోటోలు జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ద్వారా ఫిర్యాదు నమోదు చేయించాను. ఇదే పొడిని ఇప్పటికే కొన్నవారు మూత తీయకపోతే తీయకుండానే వెనక్కి పంపండి, ప్రకటన కాపీని మాత్రం ఈరోజే దాచుకోండి.