మావాడికి ఏది మేలు: నల్లగొండలో ప్రత్యేక హైస్కూలా, మండల బడిలోనే ఒక గదా?

ఊరి బడి ఏడో తరగతితో అయిపోయింది. జూన్‌లో మావాడు ఎనిమిదికి పోవాలి. వయసు 14. సదరం సర్టిఫికెట్‌లో మేధో వైకల్యం 60 శాతం అని రాశారు. ఇంట్లో మాత్రం సాయంత్రం బర్రెలు లెక్కపెట్టి, ఒకటి తక్కువైతే వాకిట్లో నిలబడి నన్ను కేకేసేది వాడే.

మాది దేవరకొండ వైపు. మొన్న భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ప్రభుత్వం నడిపే కేంద్రం) దగ్గర ఇలాంటి పిల్లల తల్లిదండ్రులం కూర్చున్నాం. హైస్కూల్ వయసు పిల్లలకు ఏం చేయాలో అధికారులకు అర్జీ రాద్దామని. మాట రెండుగా చీలింది. నల్లగొండలో హాస్టల్‌తో సహా ఒక పెద్ద ప్రత్యేక హైస్కూల్ అడుగుదామని కొందరు. ప్రతి మండల హైస్కూల్లో ఒక గది, ఒక స్పెషల్ టీచర్ చాలని మరికొందరు.

చట్టం రెండింటికీ దారి ఇచ్చింది. విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల దాకానే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మాత్రం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్ల దాకా ఉచిత చదువు అంది. దగ్గర్లోని బడి కావాలా, ప్రత్యేక బడి కావాలా అన్నది మన ఇష్టమే. కానీ ఇక్కడ ఎంచుకోవడానికి ఏముంది?

ప్రత్యేక బడి అడిగేవాళ్ల బాధ నాకు తెలుసు. అక్కడ టీచర్లందరూ శిక్షణ తీసుకున్నవాళ్లే ఉంటారు. స్పీచ్ థెరపీకి, ఫిజియోథెరపీకి వేరే ఊరు తిరగక్కర్లేదు. మా భవితకు ఫిజియోథెరపీ మేడం వారానికి ఒక్కరోజే వస్తారు. ఆ రోజు జ్వరం వచ్చిందంటే మళ్లీ వారం ఆగాలి. పైగా ఆ బడిలో ఎవరూ వెక్కిరించరు. సికింద్రాబాద్‌లో 1984 నుంచి మేధో వైకల్యం కోసమే పనిచేస్తున్న జాతీయ సంస్థకు ఒకసారి పోయాను. అక్కడ మావాడిని ఎవరూ వింతగా చూడలేదు. తిరిగొస్తుంటే బస్సులో ఏడుపొచ్చింది.

అయినా నా ఓటు మండల గదికే. కారణం హాస్టల్. చందంపేట తండా నుంచి వచ్చిన ఒక తండ్రి అన్న మాట నన్ను వదలడం లేదు. "అక్కా, నా బిడ్డకు మాట రాదు. హాస్టల్లో ఏమన్నా అయితే ఎవరికి చెప్పుకుంటది?" దానికి ఆ రోజు కూర్చున్నవాళ్లలో ఎవరి దగ్గరా జవాబు లేదు. మా పిల్లల్లో చాలామంది కడుపునొప్పి వచ్చినా చెప్పలేరు, ముఖం చూసి మనమే కనిపెట్టాలి. అరవై కిలోమీటర్ల అవతల ఆ ముఖం ఎవరు చూస్తారు? ఇంకోటి, మావాడు నేర్చుకున్నదంతా ఊళ్లోనే నేర్చుకున్నాడు. కిరాణా షాపుకు పోయి ఉప్పు తేవడం, పేరు పెట్టి పలకరించడం, బావ అనాలా మామ అనాలా తెలుసుకోవడం. మూడేళ్లు దూరం పంపితే ఊరు వాణ్ని మర్చిపోతుంది, వాడు ఊరిని మర్చిపోతాడు. పద్దెనిమిది నిండాక మళ్లీ బతకాల్సింది ఇక్కడే కదా.

అలాగని ఇప్పుడున్న హైస్కూల్ బాగుందని చెప్పను. మా వైపు ఒక బడిలో ఇలాంటి పిల్లాడిని ఏడాదంతా వెనక బెంచీలో కూర్చోబెట్టారు. హాజరు పడింది, అన్నం పెట్టారు, అంతే. గది అడగడమంటే ఆ వెనక బెంచీని ఇంకో గదిలో వేయడం కాదు. ప్రార్థన, ఆటలు, మధ్యాహ్న భోజనం, తెలుగు పీరియడ్ అందరితో కలిసి ఉండాలి. మిగతా సమయం గదిలో నోట్లు గుర్తుపట్టడం, చిల్లర లెక్క, గడియారం, బస్సు బోర్డు చదవడం, ఫోన్ చేయడం నేర్పాలి. టీచర్ రోజూ ఉండాలి. 2021లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, 2022లో కేంద్రం పై తరగతుల్లో 15 మంది ఇలాంటి పిల్లలకు ఒక స్పెషల్ టీచర్ ఉండాలని చెప్పింది. మేము అడిగేది అంతకు మించి కాదు.

ఆ టీచర్ ఉద్యోగానికి భద్రత కూడా కావాలి. భవిత టీచర్లు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద కాంట్రాక్టు మీద పనిచేస్తారు. 2024 డిసెంబర్‌లో ఆ సమగ్ర శిక్ష ఉద్యోగులు పర్మనెంట్ చేయమని సమ్మెకు దిగారు. వాళ్ల కోరిక న్యాయమైనదే. కానీ ఆ రోజుల్లో మావాడు పొద్దున్నే బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడేవాడు. సమ్మె అంటే ఏంటో వాడికి ఎట్లా చెప్పాలి?

రవాణా సంగతి అర్జీలో గట్టిగా రాయాలి. మహాలక్ష్మి పథకం వచ్చాక నాకు బస్సు ఫ్రీ, వాడికి పాసు చేయించుకున్నాం. తండాలకు మాత్రం బడి టైముకు బస్సే ఉండదు. ఒక్కో ఇంటికి రవాణా భత్యం విడిగా ఇచ్చే బదులు, నాలుగైదు తండాలకు కలిపి ఒక ఆటో మాట్లాడితే పిల్లలు రోజూ వస్తారు.

వినికిడి లేని పిల్లల విషయంలో మాత్రం నా మాట వేరు. వాళ్లకు సైగల భాష కావాలి, భాషకు తోటి మనుషులు కావాలి. మండలంలో ఒక్కడే ఉంటే వాడు ఎవరితో మాట్లాడతాడు? మిర్యాలగూడలో వాళ్ల కోసం ఆశ్రమ పాఠశాల ఉంది. అలాంటి బడులను బలపరచాలే తప్ప, అందరికీ ఒకే మందు పనికిరాదు.

ఇంట్లో ఉండి ఓపెన్ స్కూల్ పరీక్షలు రాయించమని కూడా చెప్తారు. విడతలుగా రాయొచ్చు, కొందరికి బాగుంటుంది. మావాడికి కావాల్సింది పదో తరగతి కాగితం కంటే ముందు తోటి పిల్లలు.

మా జిల్లాలో వైకల్యం అనగానే ఫ్లోరైడ్ నీళ్లు, వంగిపోయిన ఎముకలే గుర్తొస్తాయి. ఆ బాధ చిన్నది కాదు. కానీ కాళ్లూ చేతులూ బాగానే ఉండి బుద్ధి నిదానంగా ఎదిగే పిల్లలు ఎవరి కంటా పడకుండా పోతున్నారు. అందుకే హైస్కూల్ వయసున్న ఇలాంటి పిల్లల పేర్లు ఊరూరా రాసుకుంటున్నాం. నిన్న హెడ్‌మాస్టర్ సార్‌ను కలిశాను. వరండా చివర ఒక గది చూపించారు. నిండా విరిగిన బెంచీలు ఉన్నాయి. అవి తీసేస్తే రెండు కిటికీలు, పక్కనే బాత్రూమ్. మెట్ల దగ్గర ర్యాంపు కట్టాలి.