దాచుకుని తిరగడానికి రివాల్వరా, పిస్టలా: పొరపాటున పేలనిది ఏది?

ఆత్మరక్షణకు ఒంటి మీద దాచుకునే తుపాకీని నిజంగా వాడాల్సిన అవసరం చాలామందికి జన్మలో రాదు. హోల్‌స్టర్ (తుపాకీ ఒర)లోంచి తీయడం, తిరిగి పెట్టడం, ఖాళీ చేసి తుడవడం మాత్రం ఎప్పుడూ ఉండేవే. ప్రమాదాలు జరిగేది ఎక్కువగా అక్కడే. కాబట్టి ఏది మేలో ఈ పనుల దగ్గరే తేల్చాలి.

ముందుగా ఒక మాట సరిచేసుకుందాం. పొరపాటున పేలితే 'మిస్‌ఫైర్' అనడం మనకు అలవాటైపోయింది. అసలు మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. తుపాకీ 'దానంతటదే పేలింది' అన్న చాలా సందర్భాల్లో ట్రిగ్గర్‌కు ఏదో ఒకటి తగిలే ఉంటుంది. అది వేలు కావచ్చు, చొక్కా అంచు కావచ్చు, జాకెట్ తాడు కావచ్చు.

పోటీలో ఉన్నవి మూడు రకాలు. ఒకటి, హ్యామర్ (తూటాను పేల్చడానికి కొట్టే సుత్తి) బయటికి కనబడని చిన్న రివాల్వర్, అంటే తూటాలు తిరిగే సిలిండర్‌లో ఉండేది. స్మిత్ అండ్ వెసన్ 642, రూగర్ ఎల్‌సీఆర్ ఈ కోవలోవి. .38 స్పెషల్ తూటాలు 5 పడతాయి, ఖాళీ బరువు 400 గ్రాములకు అటూ ఇటూ. రెండు, స్ట్రైకర్ పిస్టల్, అంటే హ్యామర్ లేకుండా లోపలి స్ప్రింగు సూదే తూటాను పేల్చేది. గ్లాక్ 43ఎక్స్, సిగ్ పీ365 లాంటివి. 9 ఎం.ఎం. తూటాలు మ్యాగజైన్‌ (పిడిలో దూర్చే తూటాల డబ్బా)లో 10, ఛాంబర్‌ (తూటా పేలే గది)లో ఒకటి. మూడు, హ్యామర్ బయట ఉండి, దాన్ని భద్రంగా దించే డీకాకర్ మీట ఉన్న పిస్టల్. సీజెడ్ పీ-01, సిగ్ పీ229 ఇలాంటివే.

తేడా అంతా ట్రిగ్గర్‌లో ఉంది. రివాల్వర్‌కు ప్రతిసారీ 4.5 నుంచి 5.5 కిలోల బలంతో పొడుగ్గా లాగాలి. గ్లాక్‌కు 2.5 కిలోలు, ఒక సెంటీమీటరు పైచిలుకు చాలు. డీకాకర్ పిస్టల్‌కు మొదటి లాగుడు రివాల్వర్ లాగే బరువు, రెండో దాన్నుంచి తేలిక. గుడ్డ అంచు ఇరుక్కున్నప్పుడు 5 కిలోల ట్రిగ్గర్ 'ఏదో అడ్డొస్తోంది' అని చేతికి చెబుతుంది, ఆగడానికి కాస్త వ్యవధి ఇస్తుంది. 2.5 కిలోల ట్రిగ్గర్ ఇచ్చే వ్యవధి అంతకన్నా బాగా తక్కువ.

హోల్‌స్టర్‌లో తిరిగి పెట్టేటప్పుడు హ్యామర్ ఉన్న పిస్టల్‌కు సాటి లేదు. బొటనవేలు హ్యామర్ మీద ఆనించి లోపలికి దింపితే, ట్రిగ్గర్‌ను ఏదైనా లాగుతుంటే హ్యామర్ వెనక్కి కదలడం వేలికి తెలుస్తుంది. అయితే ముందు డీకాకర్ నొక్కి ఉండాలి. హడావిడిలో అది మరిచి, ఎత్తిన హ్యామర్‌తోనే దింపితే స్ట్రైకర్ పిస్టల్ కన్నా ప్రమాదం. స్ట్రైకర్ వాడేవాళ్లకు దారి ఒక్కటే: రెండో చేత్తో చొక్కా పూర్తిగా పైకెత్తాలి, వేలు ఫ్రేమ్ వెంట చాచి ఉంచాలి, హోల్‌స్టర్ మూతిని కళ్లతో చూసి నెమ్మదిగా దింపాలి. హోల్‌స్టర్ కైడెక్స్ లాంటి గట్టి పదార్థంతో చేసింది, ట్రిగ్గర్ గార్డును పూర్తిగా కప్పేది కావాలి. వాడివాడి మెత్తబడ్డ తోలు హోల్‌స్టర్ మూతి లోపలికి ముడుచుకుని, ఆ మడతే ట్రిగ్గర్‌ను నొక్కేస్తుంది.

ఖాళీ చేయడంలో రివాల్వర్ తిరుగులేనిది. సిలిండర్ పక్కకు తెరిచి, గొట్టం పైకి ఉంచి కడ్డీ నొక్కితే ఐదూ అరచేతిలో పడతాయి. లెక్క కళ్లెదుటే ఉంటుంది. పిస్టల్‌కు వరుస తప్పితే కొంప మునుగుతుంది. ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) లాగాలి. తిరగేసి చేస్తే ఏమవుతుందో చూడండి: స్లైడ్ లాగగానే ఒక తూటా బయటపడుతుంది, వదలగానే మ్యాగజైన్‌లోని మరో తూటా ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. అప్పుడు మ్యాగజైన్ తీసి 'ఖాళీ' అనుకుంటారు. పైగా గ్లాక్‌ను శుభ్రం చేయడానికి విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కక తప్పదు. పీ365కి ఆ బెడద లేదు, స్లైడ్ వెనక్కి ఆపి మీట తిప్పితే సరిపోతుంది. ఏ పిస్టలైనా ఛాంబర్‌లోకి చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి.

కింద పడితే పేలకుండా ఆపే ఏర్పాటు మంచి కొత్త తుపాకులన్నిటికీ ఉంటుంది. అలాగని కళ్లు మూసుకుని నమ్మేయకూడదు. కొన్ని కోణాల్లో పడితే పేలుతోందని తేలాక, సిగ్ సంస్థ 2017లో తన పీ320 పిస్టల్ భాగాలు మార్చి ఇచ్చింది. చేయి జారితే మాత్రం పడనివ్వండి. గాల్లో పట్టుకోబోతే వేళ్లు సరిగ్గా ట్రిగ్గర్ మీదికే వెళ్తాయి.

బొటనవేలి సేఫ్టీ ఉంటే మేలు కాదా? తీసిన ప్రతిసారీ దాన్ని దించడం చేతికి అలవాటైతేనే మేలు. లేకపోతే ప్రాణం మీదికొచ్చినప్పుడు ట్రిగ్గర్ కదలదు.

ఇంతవరకూ రివాల్వర్‌దే పైచేయిలా ఉంది కదా. 'కొత్తవాళ్లకు చిన్న రివాల్వర్ చాలు' అన్న సలహా అలాగే పుట్టింది. మేం ఒప్పుకోం. 400 గ్రాముల వస్తువు మీద 5 కిలోల లాగుడు పడితే గొట్టం కొస ఊగుతుంది. గొట్టం 2 అంగుళాలే కాబట్టి గురి కాస్త తప్పినా తూటా చాలా పక్కకు పోతుంది. తన్ను (పేలినప్పుడు తుపాకీ వెనక్కి తోసే దెబ్బ) కూడా గట్టిగా ఉంటుంది. గురి తప్పిన తూటా ఎక్కడో ఒకచోట తగులుతుంది, అదీ ప్రమాదమే. బాగా తేలికైన రివాల్వర్లలో ఇంకో తంటా ఉంది: తన్ను దెబ్బకు మిగతా తూటాల గుండు (దూసుకుపోయే ముందు భాగం) కేసు (మందు ఉండే డొల్ల)లోంచి ముందుకు జరిగి సిలిండర్‌ను తిరగనివ్వదు. పిస్టల్ మొరాయించేది మణికట్టు వదులుగా పట్టినప్పుడు, కానీ దాన్ని సాధనతో సరిచేసుకోవచ్చు.

జేబులో పెట్టుకునేవాళ్లకు హ్యామర్ దాగిన రివాల్వరే మేలు. జేబు హోల్‌స్టర్ తప్పనిసరి, ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదు. నడుము పక్కన పెట్టుకుని, క్రమం తప్పకుండా సాధన చేసేవాళ్లకు స్ట్రైకర్ పిస్టల్ సరిపోతుంది. గొట్టం తొడవైపు చూసేలా కడుపు ముందు పెట్టుకునేవాళ్లకు మా ఓటు హ్యామర్ పిస్టల్‌కే, బరువెక్కువైనా సరే. స్లైడ్ లాగే బలం లేనివాళ్లు స్లైడ్ తేలిగ్గా కదిలే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ పిస్టల్ పట్టి చూడండి, రివాల్వర్ వైపు పోవాల్సిన పని ఉండకపోవచ్చు.

ఏది కొన్నా, రాత్రిపూట తుపాకీని హోల్‌స్టర్‌లోంచి తీయకుండా, హోల్‌స్టర్‌తో సహా విప్పి తాళం పెట్టెలో పెట్టండి. తాకడం తగ్గితే పొరపాటూ తగ్గుతుంది. రోజూ ఖాళీ చేసి అదే తూటాను మళ్లీ మళ్లీ ఎక్కిస్తే దాని గుండు కేసులోకి దిగబడి, పేలినప్పుడు ఒత్తిడి హద్దు దాటుతుంది. ఆ తూటాను కొత్తదాని పక్కన నిలబెట్టి చూడండి. పొట్టిగా కనిపిస్తే పక్కన పడేయండి.