గుర్రాలు కూడా తిరిగే బాటకు లివర్ గంట: కొనొచ్చా?

ఎంటీబీలకు (కొండబాటల్లో తొక్కే మౌంటెన్ బైకులకు) వచ్చే ఈ లివర్ గంట ఆవు మెడలో గంటలాంటిదే. ఇత్తడి కప్పు, లోపల వేలాడే నాలుక, పక్కన బొటనవేలితో కదిపే లివర్. లివర్ దించితే దారి కుదుపులకు గంట దానంతటదే మోగుతుంది, ఎత్తితే ఆగిపోతుంది. కొండపల్లి, కొండవీడు వైపు రాళ్ల బాటల్లో తొక్కేవాళ్లు తప్పకుండా కొనుక్కోవాలి. టింగ్‌మనే మామూలు బెల్లుతో దీనికి పోలికే లేదు.

కారణం గుర్రం చూపులో ఉంది. కళ్లు తలకు పక్కల ఉండటం వల్ల దానికి దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తుంది. కనిపించనిది సరిగ్గా తోక వెనక, ముక్కు ముందర. సైకిల్ వచ్చేదేమో ఆ తోక వెనక నుంచే, అదీ చప్పుడు లేకుండా. దగ్గరికొచ్చాక టింగ్‌మని కొడితే గుర్రం మరింత బెదురుతుంది. లివర్ గంట మలుపు అవతల నుంచే మోగుతూ వస్తుంది కాబట్టి గుర్రం ముందే చెవులు వెనక్కి తిప్పుతుంది, రౌతుకు కళ్లెం సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మోతకు అలవాటుపడ్డ గుర్రమైనా వెనక నుంచి హఠాత్తుగా వచ్చేదానికి ఉలిక్కిపడొచ్చు.

బిగించేటప్పుడు చూసుకోవాల్సింది హ్యాండిల్‌బార్ మందం. గ్రిప్ పక్కన 22.2 మి.మీ. ఉంటుంది, గంటను బార్‌కు పట్టి ఉంచే క్లాంప్ అక్కడే సరిపోతుంది. స్టెమ్ (బార్‌ను మధ్యలో పట్టి ఉంచే భాగం) దగ్గర చాలా బార్లు 31.8 మి.మీ., అక్కడ పట్టదు. బ్రేక్ లివర్‌ను కాస్త లోపలికి జరిపి, ఎడమ గ్రిప్‌కీ దానికీ మధ్య పెట్టండి. గంట నిటారుగా వేలాడాలి. వాలితే నాలుక కప్పుకు ఆనుకుని టక్ టక్‌మంటుందే తప్ప మోగదు. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. గంట పాడైందనుకుని తిరిగిచ్చేస్తారు.

లోపాలు లేకపోలేదు. కరకట్ట మీద తారు రోడ్డులో కుదుపులుండవు, అంచేత అంతగా మోగదు. అక్కడ నోటితో చెప్పాల్సిందే. రబ్బరు పట్టీతో బిగించే రకం మన ఎండలకు చీలిపోతుంది, చెమట, ఎర్రదుమ్ము చేరితే జారుతుంది. అలెన్ బోల్టు రకమే తీసుకోండి, బార్ కార్బన్ ఫైబర్‌దైతే మాత్రం బలంగా బిగించొద్దు. ఇత్తడి నల్లబడితే గంట ఊడదీసి కప్పును చింతపండుతో తోమొచ్చు. ఆ పులుపు లివర్ స్ప్రింగుకు తగిలితే తుప్పు పడుతుంది.

లివర్‌కు డబ్బెక్కువైనా పెట్టాల్సింది, కావలసినప్పుడు గంటను ఆపగలగడం కోసం. గుర్రం కనపడగానే వేగం తగ్గించి, ఇరవై ముప్పై మీటర్ల దూరంలోనే గంట ఆపేయండి. "అన్నా, వెనక సైకిల్ వస్తోంది, పోనా?" అని మామూలు గొంతుతో అడగండి. మాట వింటే వస్తున్నది మనిషేనని గుర్రానికి తెలుస్తుంది. సన్నటి బాటలో ఎదురుపడితే దిగి, సైకిల్‌ను పల్లం వైపు పెట్టి నిలబడండి. బెదిరిన గుర్రం సాధారణంగా మెట్టకు ఎక్కాలని చూస్తుంది, పైనున్న ఆకారానికే ఎక్కువ భయపడుతుంది. చెట్టు చాటుకు మాత్రం వెళ్లొద్దు, దాక్కున్నది ఏదైనా దానికి వేటమృగమే. తోకకు ఎర్ర రిబ్బను కట్టి ఉంటే ఆ గుర్రం వెనక్కి తంతుందని గుర్తు, రౌతు సరే అన్నా దూరం పాటించండి. దాటాక కూడా కాస్త దూరం మెల్లగా తొక్కి, ఆ తర్వాతే లివర్ దించండి.