సిలిండర్ మీది అక్షరాన్ని నమ్మి పిస్టన్ కొనవచ్చా? ఆరేళ్లలో తొమ్మిది పిస్టన్లు వాడాక

నా బండి యమహా వైజెడ్ 125, టూ స్ట్రోక్ మోటోక్రాస్ బైకు. సిలిండర్ బోర్ (లోపలి వ్యాసం) 54 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 54.5 మి.మీ. ఒకరు వాడి అమ్మిన బండినే కొన్నాను. ఈ ఆరేళ్లలో అందులో తొమ్మిది పిస్టన్లు మార్చాను. ఏడు పోత పోసినవి, రెండు ఫోర్జ్‌డ్ (లోహాన్ని ఒత్తి చేసిన) రకం. ప్రతిసారీ కొలతలు, గంటల మీటరు అంకె ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను కాబట్టి జ్ఞాపకం మీద ఆధారపడి చెబుతున్నది తక్కువే. ప్రతిసారీ అన్నాను కానీ మొదటిసారి ఏమీ రాయలేదు. ఎందుకంటే ఏమీ కొలవలేదు.

మొదటి పిస్టన్ సంగతి ముందు చెప్పాలి. సిలిండర్ బయట ‘ఏ’ అని అచ్చు గుద్ది ఉంది. వెర్టెక్స్, ప్రోఎక్స్ లాంటి సంస్థలు పోత పిస్టన్లను ఏ, బి, సి అని వరుస కట్టి అమ్ముతాయి. ఒక్కో అక్షరానికీ తేడా సుమారు 0.01 మి.మీ. కేటీఎం వారైతే అక్షరాల బదులు రోమన్ అంకెలు వేస్తారు. నాకు దొరికిన వరుసలో ఏ అంటే 53.94, బి అంటే 53.95, సి అంటే 53.96. సిలిండర్ మీద ఏ, పెట్టె మీద ఏ. జాతకాలు కలిశాయి కదా అని బిగించేశాను.

బండి చల్లగా ఉన్నప్పుడు రేకు డబ్బాలో గులకరాయి వేసి ఊపినట్టు చప్పుడు వచ్చేది. కొత్త పిస్టన్ కదా, కుదురుకుంటుందిలే అనుకున్నాను. 19 గంటలకు విప్పి చూస్తే స్కర్ట్ (పిస్టన్ కింది గోడ) మీద, ఇన్‌టేక్ వైపు, కింది అంచు నుంచి పైకి ఒక సన్నని చీలిక. గోరుతో రాస్తే తగులుతోంది. ఇంకో రెండు మూడు గంటలు తిప్పి ఉంటే ఆ ముక్క క్రాంకు గదిలోకి రాలిపోయేది.

అప్పుడు బోర్ గేజ్ అరువు తెచ్చి కొలిచాను. సిలిండర్ 54.022 ఉంది. అంటే ఆ పిస్టన్‌ను కొత్తగా వేసిన రోజే దానికీ సిలిండర్ గోడకూ మధ్య సందు 0.082 మి.మీ. విప్పేనాటికి పిస్టన్ 53.91కి అరిగింది కాబట్టి 0.112. ఈ బండికి 0.1 దాటితే పిస్టన్ మార్చాల్సిందే. తీగ లాగితే అసలు సంగతి బయటపడింది. పాత యజమాని కాలంలో సిలిండర్ లోపలి గోడకు కొత్త లోహపు పూత వేయించారు. పూత వేసేవారు ఆనాడు తమ చేతికి వచ్చిన పిస్టన్‌కు సరిపోయేలా లోపలి గోడను సానబట్టారు. బయట కర్మాగారంలో గుద్దిన అక్షరం మాత్రం అలాగే ఉండిపోయింది. అది సిలిండర్ పుట్టిననాటి కొలత. ఆ తర్వాత జరిగినదేదీ దానికి తెలియదు.

అందుకే వాడిన బండి కొనేవారికి నా మాట ఒకటే: ఆ అక్షరాన్ని సాక్ష్యంగా తీసుకోవద్దు. 125 సిలిండర్‌ను 58 మి.మీ.కు పెంచి 144 సీసీ చేసుకునేవారు ఉన్నారు. కేటీఎం 250, 300 ఇంజిన్లకు స్ట్రోక్ ఒకటే, 72 మి.మీ. బోర్ మాత్రం ఒకదానికి 66.4, రెండోదానికి 72. 250 అని కొన్న బండి మీద 300 సిలిండర్ కూర్చుని ఉండవచ్చు. చట్రం మీది నంబరు చూసి పిస్టన్ తెప్పిస్తే పెట్టె విప్పగానే నవ్వుకోవాల్సి వస్తుంది.

రెండోసారి సి పిస్టన్ వేశాను. సందు 0.062. చప్పుడు పోయింది. 34 గంటలు నడిచాక విప్పితే స్కర్ట్ మీద సమానమైన బూడిద రంగు మెరుగు, రింగుల కింద కొద్దిగా గోధుమ రంగు మరక, అంతే. పిస్టన్ కొలత 53.945. అదే సంస్థ, అదే పోత, 0.02 మి.మీ. మాత్రమే తేడా. వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదేమో.

ఆ తర్వాత కొలవడం నేర్చుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది. వెర్నియర్ కాలిపర్‌తో ఈ పని జరగదు. అది చూపగల అతి చిన్న భాగమే మామూలుగా 0.02 మి.మీ., అంటే రెండు అక్షరాలు దాని కళ్ల ముందు నుంచే జారిపోతాయి. పిస్టన్‌కు మైక్రోమీటర్, సిలిండర్‌కు అదే మైక్రోమీటర్ మీద సున్నా పెట్టుకున్న బోర్ గేజ్ కావాలి. పిస్టన్ చూడటానికి గుండ్రంగా కనిపిస్తుంది కానీ కాదు. కొద్దిగా కోడిగుడ్డు వాటం, పైగా తలవైపు సన్నం. అందుకని పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్‌కు అడ్డంగా, స్కర్ట్ కింది అంచు నుంచి మాన్యువల్ చెప్పిన ఎత్తులోనే కొలవాలి. మా మిత్రుడొకరు తల దగ్గర కొలిచి, తనకు తప్పు పిస్టన్ అంటగట్టారని అమ్మినవారితో గొడవకు దిగారు. సిలిండర్‌ను పోర్టుల (గోడలోని కంతల) అంచులు తప్పించి మూడు లోతుల్లో, ఒక్కో లోతులో రెండు దిశల్లో చూడాలి.

వేడి సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. ఒకే పిస్టన్ రాత్రి ఒక కొలత, మర్నాడు ఇంకో కొలత చూపేది. చేతిలో పట్టుకుని తిప్పుతూ కొలవడమే కారణం. 54 మి.మీ. అల్యూమినియం పది డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.01 మి.మీ. ఉబ్బుతుంది. అరచేతి వెచ్చదనానికే ‘ఏ’ పిస్టన్ కాస్తా ‘బి’ అయిపోతుందన్నమాట. ఇప్పుడు పిస్టన్, సిలిండర్, మైక్రోమీటర్ మూడింటినీ ముందురాత్రే ఒకే బల్ల మీద పెట్టి నిద్రపోతాను.

ఇక ఫోర్జ్‌డ్ పిస్టన్లు. ఇక్కడ పెట్టె మీది అంకెతోనే తికమక మొదలవుతుంది. అక్షరాలతో వచ్చే పోత పిస్టన్ల పెట్టె మీద సాధారణంగా పిస్టన్ అసలు కొలత ఉంటుంది. వైసెకో లాంటి ఫోర్జ్‌డ్ కిట్ మీద ఉండేది బోర్ కొలత. పెట్టె మీద 54.00 అని ఉన్నంత మాత్రాన లోపలి పిస్టన్ సి కంటే పెద్దదని కాదు. ఉండాల్సిన సందును తయారీదారే తగ్గించుకుని చేస్తారు. ఆ సందు పోత పిస్టన్ కంటే ఎక్కువగా ఉండాలి. ఫోర్జ్‌డ్ రకంలో సిలికాన్ తక్కువ ఉన్న మిశ్రమం వాడితే అది వేడికి ఎక్కువ ఉబ్బుతుంది.

నేను వేసిన మొదటి ఫోర్జ్‌డ్ పిస్టన్‌కు సందు 0.052 వచ్చింది. కిట్‌తో వచ్చిన కాగితం అంతకంటే ఎక్కువ అడిగింది. వేలితో తోస్తే నూనెలో జారినట్టు దిగింది కదా అని కాగితాన్ని పక్కన పెట్టాను. ఒక చల్లని ఉదయం కిక్ కొట్టి, రెండు నిమిషాలైనా ఆగకుండా నిండు థ్రాటిల్ ఇచ్చాను. వెనుక చక్రం ఒక్కసారిగా బిగుసుకుంది. క్లచ్ పట్టుకోవడం వల్ల పడలేదు. విప్పితే స్కర్ట్ మీద పిన్‌కు అటూ ఇటూ నాలుగు మూలల్లో నిలువు గీతలు. చల్లటి ఇంజిన్ పట్టేసినప్పుడు పడే గుర్తులు అవే. పిస్టన్ క్షణాల్లో వేడెక్కి ఉబ్బుతుంది. సిలిండర్ కూడా అల్యూమినియమే అయినా, చుట్టూ ఉన్న చల్లటి నీరు దాన్ని ఉబ్బనివ్వదు. ఆ కాస్త సమయంలో మధ్యనున్న సందు మూసుకుపోతుంది.

గోడకు అంటుకున్న అల్యూమినియాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచిన దూది పుల్లతో తుడిచాను. ఆమ్లం పూతను ఏమీ చేయదు, అంటుకున్న లోహాన్నే తింటుంది. పూత ఎక్కడైనా లేచి ఉంటే మాత్రం కిందనున్న సిలిండర్‌నే తినేస్తుంది కాబట్టి బుడగలు ఆగకుండా వచ్చే చోట వెంటనే కడిగేయాలి. నా పూత బతికింది. నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపిన ఈ నికాసిల్ పూతను 1967లో మాలే సంస్థ వాంకెల్ ఇంజిన్ల కోసం తయారు చేసింది. అంత గట్టిది కాబట్టే అరుగుదలంతా పిస్టన్ మీద పడుతుంది. పోత ఇనుప స్లీవ్ ఉన్న పాత సిలిండర్ అయితే 0.25 చొప్పున పెద్ద పిస్టన్లకు బోర్ కొట్టించుకుంటూ పోవచ్చు. పూత సిలిండర్‌కు ఆ దారి లేదు. మామూలు రాయితో దాన్ని సానబట్టకూడదు కూడా.

రెండో ఫోర్జ్‌డ్ పిస్టన్‌ను కాగితం అడిగినట్టే 0.068 సందుతో వేశాను. చల్లగా ఉన్నప్పుడు కొంచెం టకటకలాడుతుంది, వేడెక్కాక నిశ్శబ్దం. రింగులు రెండుసార్లు మార్చి 60 గంటలు నడిపాను. ఆ చప్పుడు మంచిదా చెడ్డదా అని ప్రతి ఉదయం మనసు పీకేది. నాకు నచ్చినది పోత పిస్టనే. తక్కువ సందుతో నడుస్తుంది, చప్పుడు చేయదు, అరిగిందంటే ముందే చెబుతుంది. పోటీల్లో దిగేవారు, గంటలు లెక్కపెట్టడం మరిచిపోయేవారు ఫోర్జ్‌డ్ వైపు చూడటంలో అర్థం ఉంది.

రింగుల గురించి రెండు ముక్కలు. ఏ, బి, సి మూడింటికీ సాధారణంగా ఒకే రింగు వస్తుంది. అయినా రింగును సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో తిన్నగా తోసి, కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో చూడాలి. మాన్యువల్ దగ్గర లేకపోతే బోర్‌ను 0.004తో హెచ్చవేసి చూస్తాను. 54కి అది దాదాపు 0.22. అంతకు తగ్గకూడదు. కొసలు గాడిలోని చిన్న పిన్నుకు అటూ ఇటూ కూర్చోకపోతే ఏదో ఒక పోర్టులో తగులుకుంటాయి. తల మీది బాణం ఎగ్జాస్ట్ వైపు ఉండాలి. పాత సర్క్లిప్‌ను (పిస్టన్ పిన్ జారకుండా పట్టే తీగ చుట్టను) మళ్లీ వాడటం నేను ఒక్కసారి కూడా చేయలేదు. ఆ ధైర్యం నాకు లేదు.

బిగించాక కూడా ఇల్లు అలకగానే పండగ కాదు. మూడుసార్లు వేడెక్కించి, ప్రతిసారీ పూర్తిగా చల్లారనిచ్చి, ఆ తర్వాతే బండి ఎక్కుతాను.

ఇప్పుడు తొమ్మిదోది నడుస్తోంది, సి అక్షరం, 31 గంటలు. పోయినసారి కొలిచినప్పుడు సిలిండర్ 54.024. ఇన్నేళ్లలో అరిగింది 0.002 మాత్రమే. కానీ ఎగ్జాస్ట్ పోర్టు పైఅంచున పూత వేలిగోరంత మేర రంగు మారింది. ఇంకో సి పిస్టన్‌కు ఓర్చుకుంటుందనుకుంటున్నాను. ఆ తర్వాత పూతకు పంపాలి. ఈసారి కొత్త పిస్టన్ కొని, దాని కొలత కాగితం మీద రాసి, సిలిండర్‌తో పాటు అదే పెట్టెలో పెట్టి పంపుతాను. బయటి ‘ఏ’ పక్కన కొత్త కొలతను కూడా గుద్దమని అడుగుతాను.