రాజమండ్రి నల్లరాయి వెంట మారిషస్, రీయూనియన్ దాకా

రాజమండ్రి చుట్టుపక్కల పెరిగినవాళ్లకు పంగిడి, గౌరీపట్నం క్వారీల నల్లరాయి కొత్త కాదు. మా ఇళ్ల పునాదుల్లోనూ రోడ్ల కంకరలోనూ ఉన్నది అదే. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట దక్కన్ పీఠభూమి పడమటి భాగంలో ఉబికిన లావా, అప్పటి నదీ లోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి ఇక్కడ గడ్డకట్టిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ లావాను పైకి తెచ్చిన వేడి నేటికీ చల్లారలేదు. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ ద్వీపం కింద ఉంది. అది చూడాలనే మారిషస్ మీదుగా బయలుదేరాం.

అగ్నిపర్వతాలు ఎక్కువగా భూఫలకాల, అంటే భూమి పైపొరలోని పెద్ద పలకల, అంచుల్లో పుడతాయి. అండమాన్‌లోని బ్యారన్ ద్వీపం అలాంటిది. రీయూనియన్ కింద ఉన్నలాంటి వేడిచోటును హాట్‌స్పాట్ అంటారు, దానికి అంచుతో పని లేదు. భూమి లోతుల్లోంచి వేడి శిల ఇంచుమించు ఒకే చోట పైకి వస్తూ ఉంటుంది. పొయ్యి మీద పెనం జరిగినట్టు ఫలకం దాని మీదుగా కదిలిపోతుంది. భారత ఫలకం ఉత్తరానికి సాగేకొద్దీ దక్కన్ తరువాత లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్‌ల పునాదులు వరుసగా ఏర్పడ్డాయి. తరువాత రెండు ఫలకాల సరిహద్దే ఆ వేడిని దాటిపోయింది. అందుకే మారిషస్, రీయూనియన్ ఆఫ్రికా వైపు ఫలకం మీద ఉన్నాయి. మారిషస్ వయసు సుమారు 80 లక్షల ఏళ్లు. రీయూనియన్ వయసులో అంతకన్నా చాలా చిన్నది.

ముందు మారిషస్ చూడటమే మంచిది. వీసా ముందుగా తీసుకోనక్కరలేదు, ముంబై నుంచి నేరుగా విమానముంది, శాకాహారం ఎక్కడైనా దొరుకుతుంది. రోడ్డు పక్క బండి మీద వేడివేడి ధోల్‌పూరీ (పప్పు కూరిన పల్చని రొట్టె) తింటే పూట గడిచిపోతుంది. సముద్రతీర రిసార్టులు బాగానే ఉన్నాయి కానీ, ఈ యాత్రకు వాటిమీద అంత ఖర్చు అనవసరం. క్యూర్‌పిప్‌లోని త్రూ ఓ సెర్ఫ్ అనే పాత అగ్నిపర్వత ముఖద్వారం చుట్టూ నడవడానికి రుసుము లేదు. గంగాతలావ్ కూడా అలాంటి బిలంలో నిలిచిన నీరే. చమరెల్ రంగుల నేల ఫోటోల్లో కనిపించినంత గొప్పగా లేదు. నా మనసు చెరకు తోటల దగ్గర ఆగింది. పొలాల మధ్య నల్లరాళ్లను ఏరి గోడల్లా, దిబ్బల్లా పేర్చారు. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చిన మనవాళ్లు కూడా ఈ రాళ్ల మధ్యే చెమటోడ్చారు. ఈ దేశంలో ఉగాది సెలవు దినం, బడుల్లో తెలుగు చెబుతారు. అది తలచుకుంటే గర్వంగానూ ఉంటుంది, గుండె బరువుగానూ ఉంటుంది.

రీయూనియన్‌కు విమానంలో ముప్పావు గంట. ఫ్రాన్స్‌లో భాగమే అయినా షెంగెన్ (ఐరోపా దేశాల ఉమ్మడి వీసా) పరిధిలోకి రాదు కాబట్టి వీసా సంగతి ముందే కాన్సులేట్‌లో కనుక్కోవాలి. అద్దెకారు లేనిదే పని జరగదు. ఇక్కడ బండి రోడ్డుకు కుడివైపున నడపాలి. మేము దిగిన కొండమీది అతిథిగృహంలో హీటర్ పనిచేయలేదు, అడిగితే దుప్పట్లు ఇచ్చి ఊరుకున్నారు. ఆ ఎత్తులో రాత్రి చలి తీవ్రంగా ఉంటుంది. గది తీసుకునే ముందు హీటర్ మాట తప్పకుండా అడగండి. శాకాహారులకు అన్నం, ఇక్కడి సిలావోస్ ప్రాంతపు మసూరు పప్పు, కారపు పచ్చడి దిక్కు.

మేము చూడవచ్చిన అగ్నిపర్వతం పితోన్ ద లా ఫుర్నేజ్ 2,600 మీటర్లకు పైగా ఉంటుంది. బూర్ మురాలోని సిటే ద్యు వోల్కాన్ మ్యూజియం చూసి వెళితే కొండ అర్థమవుతుంది. టికెట్ డబ్బుకు పూర్తి న్యాయం జరిగింది. ప్లేన్ దే సాబ్ల్ మైదానం దాటి, కొండను చూసే చోటైన పా ద బెల్‌కోంబ్‌కు తెల్లవారేసరికి చేరాలి. పొద్దెక్కితే మబ్బు కమ్మి ఏమీ కనపడదు. మెట్లు దిగితే ఫోర్మికా లేయో అనే చిన్న ఎర్రటి శంకువు, దాని అవతల తాడు పేనినట్టు మడతలు పడి గడ్డకట్టిన లావా. వంగి చూస్తే రాతిలో ఆవిరి వదిలిన సన్నని రంధ్రాలు, అక్కడక్కడ ఆలివీన్ అనే ఆకుపచ్చ ఖనిజం పలుకులు. దారి తప్పకుండా తెల్లరంగు గుర్తులు వేశారు. ఎంతో బాగా చూసుకుంటున్నారు.

అయినా నేను మొదటి మార్కు తూర్పు తీరంలోని లావా రోడ్డుకే వేస్తాను. 2007లో లావా ఈ రోడ్డును ముంచి సముద్రంలోకి దిగి దీవి అంచును పెంచింది. అప్పుడే కొండమీద డోలోమ్యూ బిలం అడుగు 300 మీటర్లకు పైగా కుంగింది. త్రాంబ్లే తీరంలో నల్లని ఇసుకలో ఆలివీన్ మెరుస్తుంది. పాత ప్రవాహాల మీద మొదట రాతికి అంటుకుని పెరిగే వెండిరంగు లైకెన్, తరువాత ఫెర్న్‌లు, ఇంకా పాతవాటి మీద చెట్లు. ఒక్కో ప్రవాహం దగ్గర పెట్టిన సంవత్సరం బోర్డులు చదువుతూ వెళితే నేల ఎలా పచ్చబడుతుందో ఏ పుస్తకమూ అక్కరలేకుండా తెలుస్తుంది. పితోన్ సాంత్ రోజ్‌లో 1977 లావా చర్చిని చుట్టుముట్టి వదిలేసింది. మెట్ల దగ్గర ఆ రాయి ఇంకా ఉంది.

విస్ఫోటనం మొదలైతే లోపలి కాలిబాటలు మూసేస్తారు. టికెట్లు కొన్నాక కూడా అక్కడి వోల్కనాలజీ అబ్జర్వేటరీ ప్రకటనలు చూస్తూ ఉండండి. బాటలు మూసినా, లావా తూర్పు వాలు దిగితే ఈ రోడ్డు మీంచే చూడగలిగే అవకాశముంది. కాబట్టి బస ఒక రాత్రి కొండమీద, మిగిలినవి ఆగ్నేయంలోని సాన్ ఫిలిప్ వైపు పెట్టుకోండి.